పిల్లలు పడుకున్నాయి

సఖినేటిపల్లి లంక,
12-8-2002

చిరంజీవి నాగదుర్గాప్రసాద్‌కి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టను. ఇక్కడ నా మోకాళ్ళు కుశలంగా లేవు, అక్కడ నీ తెలుగు కుశలంగా లేదు. నీ ఉత్తరంలో క్షేమం అన్న మాటని 'చ్చేమం' అని రాసేవు. బడిలో జన్మంతా తెలుగు చెప్పినదాని మనవడివి. అది చదివి నాకు నీ క్షేమం మీదే అనుమానం వచ్చింది. తప్పులన్నీ ఎర్రసిరాతో దిద్ది, నీ ఉత్తరాన్ని ఇదే కవర్లో వెనక్కి పంపుతున్నాను. చూసి రాసుకో.

సర్పంచి గారింటికి ఫోను చేస్తానన్నావట. వద్దు. నాకు చెవి పని చెయ్యదని తెలుసు కదా. పోయినసారి నువ్వరిచిన అరుపులు నాకు తప్ప లంకంతటికీ వినపడ్డాయి. నీకు జలుబు చేసిందన్న సంగతి రేవులో పంటు దాటించే దగ్గర టిక్కెట్లు కోసేవాడు నాకు చెప్పేడు. ఉత్తరమే రాయి. ఉత్తరానికి చెవులు అక్కర్లేదు.

నువ్వు షార్జా వెళ్ళి రెండేళ్ళయింది. ఇన్నాళ్ళూ అక్కడి ఊళ్ళో ఒకరింటి తోట చూసినవాణ్ణి ఇప్పుడు ఎడారిలో ఉన్న ఫారానికి మార్చేరని రాసేవు. ఎడారిలో తోటేమిట్రా? గోదావరి పక్కన కొబ్బరితోట వదిలి ఇసక్కి నీళ్ళు పోయడానికి వెళ్ళేవు. సరే, నీ రాత.

కొత్తచోట యజమాని ఎదురుగా ఏం మాట్లాడాలో తెలీక నించుంటున్నానన్నావు. ఊరికే నించుంటే పొగరనుకుంటారు. పెద్దలు మాట్లాడుతుంటే మధ్యమధ్య ఆయ్ అంటూ ఉండు. వింటున్నావని తెలుస్తుంది. భాష తెలియకపోయినా వినయం తెలుస్తుంది. తుపానులో మీ అమ్మా నాన్నా పోయి నువ్వు నా చేతిలో పడ్డప్పుడు నీకు నేను నేర్పిన మొదటి మాట అదే. కాదు, లేదు అని పెద్దల ముఖాన అనే అలవాటు మన ఇంట్లో లేదు.

మన నూతిలో తాబేలు క్షేమం. (క్ష చూడు.) మీ తాతయ్య పోయినా ఆయన వేసిన తాబేలు పోలేదు. పురుగూ పుట్రా తినేసి నీళ్ళు అద్దంలా ఉంచుతోంది. మొన్న చేదలోకి ఎక్కి పైకొచ్చింది. కొబ్బరి దింపు తియ్యడానికొచ్చిన సత్తియ్య, "అమ్మగారి దర్శనానికొచ్చిందండి" అంటూ మళ్ళీ దింపేడు. నీ గురించి అడిగేడు. చెట్టు మీదనించి అడిగేడు కాబట్టి పెదాలు చూసి పోల్చుకోలేకపోయేను, వినపడనూ లేదు. బాగున్నాడని చెప్పేను. ఏమడిగినా అదే కదా జవాబు.

ఇట్లు,
నీ వత్తుల కోసం బెంగపడే
పాపాయమ్మ మామ్మ


షార్జా,
20-9-2002

పూజ్యులైన మామ్మగారి పాదాలకి నమస్కరించి దుర్గాప్రసాద్ రాయునది.

నేను క్షేమం. ఈసారి సరిగ్గా రాసేనండి.

ఫారం చాలా పెద్దదండి. చెట్ల కంటే గోడలు ఎక్కువ. మా సారు మంచివారు. తమరు చెప్పినట్టే ఆయ్ అంటున్నాను. మొదట నవ్వేరు. ఇప్పుడు నన్ను పిలవడానికి కూడా "ఆయ్!" అనే పిలుస్తున్నారు.

ఒక కొత్త సంగతండి. సారు ఎక్కడినించో రెండు పిల్లల్ని తెచ్చేరు. రెండూ ఆడవే. తల్లి లేదు. మొక్కల పని మానేసి వీటిని చూసుకోమన్నారు. సీసాతో పాలు పట్టడం, తుడవడం, పడుకోబెట్టడం నా పని. పెద్దది నా ఒడిలో తప్ప పడుకోదు. చిన్నదానికి భయం ఎక్కువ, మనిషి అలికిడైతే మంచం కింద దూరిపోతుంది. ఏడిస్తే పిట్ట అరిచినట్టుంటుందండి. మొదటిరోజు కిటికీలోకి పిట్ట వచ్చిందనుకుని వెతికేను.

ఇప్పుడు పిల్లలు పడుకున్నాయి. అందుకే ఉత్తరానికి తీరిక దొరికింది. మీ మోకాళ్ళకి కాట్రేనికోన ఏసుదాసు చేత ఇక్కడి తైలం పంపుతాను. వాడూ నేనూ ఒకే గదిలో ఉంటున్నాం. వాడు సెలవుకి వచ్చేటప్పుడు తెస్తాడు.

తమరి మనవడు,
దుర్గాప్రసాద్


సఖినేటిపల్లి లంక,
18-10-2002

ఒరేయ్ ప్రసాదూ,

క్ష కుదిరిందని సంతోషించేలోపు వ్యాకరణం మంటగలిపేవు. నీ ఉత్తరం ఎర్రసిరాతో తడిసి వస్తోంది, చూసుకో.

'రెండు పిల్లలు' కాదు, ఇద్దరు పిల్లలు. 'రెండూ ఆడవే' కాదు, ఇద్దరూ ఆడపిల్లలే. 'వీటిని' కాదు, వీళ్ళని. 'పడుకున్నాయి' కాదు, పడుకున్నారు. బహువచనంలో మనుషులకి 'రు', పశువులకి 'యి'. అయిదో తరగతి పాఠం. పరాయి దేశం వాళ్ళ పిల్లలైనంత మాత్రాన పశువుల్లో కలిపేస్తావా? పాలు పట్టే చేతితో అలాంటి రాత రాయొచ్చా? ఇంకోసారి 'యి' కనపడితే నీ ఉత్తరం చదవను.

తల్లి లేదన్నావు. పోయిందా, వదిలేసిందా? అది రాయాలి గాని పిట్టల సంగతి ఎవడిక్కావాలి? తల్లి లేని పిల్లని పెంచడం ఎలాగో నాకు తెలుసు, నిన్ను పెంచేను కాబట్టి. రాత్రి పడుకునే ముందు కథ చెప్పు. తెలుగులోనే చెప్పు, ఫరవాలేదు. ఇక్కడినించి వస్తున్న వాళ్ళ చేత రెండు గౌన్లూ, ఆత్రేయపురం పూతరేకులూ పంపుతున్నాను. కొలత తెలీదు కనక కాస్త వదులుగా కుట్టించేను.

ఇక్కడ ఒక ప్రహసనం జరిగింది. అటవీశాఖ వాళ్ళు మన హైస్కూలుకొచ్చి, అడవి జంతువుల్ని ఇళ్ళల్లో ఉంచుకోకూడదని ఉపన్యాసం చెప్పేరట. "తాబేళ్ళని కూడానాండి?" అని ఎవత్తో అడిగిందట. కూడా అన్నారట. "అయితే పాపాయమ్మ టీచరుగారి నూతిలో ఉందండి!" అని క్లాసంతా అరిచేరట. వాళ్ళకి పద్యం ఒక్కటి రాదు, నా నూతిలో ఏముందో అందరికీ వచ్చు.

మర్నాడు జీపు దిగింది. పై ఆఫీసరూ, వెనకాల మన ఏడుకొండలూ. నా దగ్గర చదువుకున్నవాడే, ఇప్పుడు అటవీశాఖలో గార్డు. సంధులు రాక బెంచీ ఎక్కి నించున్న ఏడుకొండలు ఖాకీ బట్టల్లో వచ్చి, "టీచరుగారండీ, ఏమనుకోకండి, ఇది మొదటి షెడ్యూలండి" అన్నాడు. అంటే ఏమిటయ్యా అంటే, పులికీ ఏనుగుకీ ఉన్న రక్షణే దీనికీ ఉందట. ఇన్నాళ్ళూ మన నూతిలో పులి ఉందన్నమాట, మనం దానిమీద చేద వేసి నీళ్ళు తోడుకుంటున్నాం! మరి అమలాపురంలో డాక్టరుగారింట్లో రంగురంగుల చిలకలు పంజరాల నిండా ఉన్నాయి కదా అంటే, "అవి విదేశీవండి, ఫరవాలేదండి" అన్నాడు. చూసేవా, మన దేశంలో పుట్టడమే దాని నేరం.

తరవాత పై ఆఫీసరు కాగితం తీసి, నూతిలో ఎవరు వేసేరని అడిగేడు. చచ్చి స్వర్గాన ఉన్న మీ తాతయ్య పేరు కేసులోకి ఎక్కించమంటావా? నా పేరు చెబితే రేపు ఊళ్ళో టీచరు మీద కేసంటారు. సత్తియ్య అక్కడే మట్టలు పోగేస్తున్నాడు. "ఈ సత్తియ్యే ఎక్కడినించో తెచ్చి వేసుంటాడు" అన్నాను. "ఏమోయ్, నువ్వేనా?" అన్నాడాయన. సత్తియ్య తలపాగా తీసి, "ఆయ్" అన్నాడు. వాడు దేనికి కాదన్నాడు గనక! వేలిముద్ర వేయించుకుని, తాబేల్ని బక్కెట్లో పెట్టుకుని వెళ్ళిపోయేరు. ఏడుకొండలు చూసుకుంటాడులే. ఉత్త లాంఛనం.

నూతి నీళ్ళు ఇవాళ కాస్త వాసన వేస్తున్నాయి.

ఇట్లు,
పులిని పెంచిన
పాపాయమ్మ మామ్మ


షార్జా,
9-12-2002

పూజ్యులైన మామ్మగారికి నమస్కారాలు.

తమరు దిద్దిన కాగితం అందింది. ఆయ్, ఇకమీదట తమరు చెప్పినట్టే రాస్తాను. ఏసుదాసు చదివి చాలాసేపు నవ్వేడండి. ఎందుకో తమరికి తరవాత తెలుస్తుంది.

పిల్లలు బాగున్నారు. ఎదుగుతున్నారు. పాలు మానేసేరు, ఇప్పుడు మాంసం తప్ప ముట్టడం లేదు. పూతరేకులు వాసన చూసి వదిలేసేరు, మేమే తినేసేం. గౌన్లు వెయ్యబోయేనండి. చింపేసేరు. చిన్నది నా చెయ్యి గీరింది. కోపంతో కాదండి, ఆటకే.

సాయంత్రాలు సారు స్నేహితులొస్తారు. పిల్లల్ని వాళ్ళ మధ్యకి తీసుకెళ్ళాలి. ఫోటోలు తీసుకుంటారు. కారు ముందుసీట్లో కూర్చోబెట్టుకుని తిప్పుతారు. అప్పుడు పిల్లలు నాకోసం వెతుక్కుంటారు. పొద్దుపోయేక తెచ్చి నా గదిలో వదిలేస్తారు.

సత్తియ్య బాబాయి సంగతి చదివి మనసు బాగులేదండి. ఆయనకి కాగితాల సంగతి తెలీదు. తమరు ఒక్కమాట ఏడుకొండలు గారితో చెబితే పోతుంది కదండీ. నేను చిన్నప్పుడు ఆ తాబేల్ని చూడాలని నూతిలోకి ఒంగితే కాళ్ళు పట్టుకుని వెనక్కి లాగింది ఆయనే.

ఏసుదాసు వచ్చే నెల సెలవుకి వస్తున్నాడు. వాడి చేత తైలమూ, పిల్లలతో నేనున్న ఫోటో పంపుతున్నాను. ఒక సంగతి తమరికి మొదట్లోనే సరిగ్గా చెప్పలేదు. ఫోటో చూస్తే తమరికే తెలుస్తుంది. చూసేక తిట్టకండి.

తమరి మనవడు,
దుర్గాప్రసాద్


సఖినేటిపల్లి లంక,
16-2-2003

చిరంజీవి ప్రసాదుకి,

ఈసారి 'రు'లన్నీ సరిగ్గా పడ్డాయి. ఎర్రసిరా మూత తియ్యలేదు. పిల్లలకి ఆ మాత్రం గౌరవం ఇస్తే నీకూ ఇస్తారు.

గౌన్లు చింపేసేరంటే నాకు నవ్వొచ్చింది. నువ్వూ అంతే, నిక్కర్లు వెయ్యనిచ్చేవాడివి కాదు. కాని గీరడం అదీ మంచిది కాదు. గోళ్ళు తియ్యి. పడుకున్నప్పుడు తీస్తే ఏడవరు. ఆడపిల్లల్ని తాగి కూర్చున్న మగాళ్ళ మధ్యకి ఫోటోలకి తీసుకెళ్ళడం ఏమిట్రా? వాళ్ళ నాన్నకి బుద్ధి లేకపోతే నీకుండొద్దూ? అయినా నీకెందుకు, నువ్వు ఆయ్ అనేవాడివి.

ఏసుదాసు ఇంకా రాలేదు. కాట్రేనికోనలో దిగేడని విన్నాను. పెళ్ళిచూపుల్లో ఉన్నాడట. తైలం తెచ్చేలోపు నా మోకాళ్ళు ఎవరికన్నా దానం చేసేస్తాను.

తాబేలు కథ ముగిసింది. సాక్ష్యం కింద ఆఫీసులో బక్కెట్లో ఉంచేరు కదా, అక్కడే చచ్చింది. మన నూతిలో మూడు తరాల నీళ్ళు తాగింది, ప్రభుత్వ రక్షణలో మాత్రం బతకలేకపోయింది. "పోస్టుమార్టం చేయించేమండి" అన్నాడు ఏడుకొండలు. చచ్చేక మర్యాదలకి మనవాళ్ళు లోటు చెయ్యరు.

సత్తియ్యని రాజోలు కోర్టుకి వాయిదాలకి తిప్పుతున్నారు. దింపు ఆలస్యమై కాయలు వాటంతటవే రాలుతున్నాయి. మొన్న ఒకటి నా ధాన్యం గాబు మూత పగలగొట్టింది. అడిగితే, "వాయిదా అండి" అని గొణిగేడు. పట్టించుకోకురా, జడ్జిగారి ముందు కూడా వినయంగా ఉండు, వదిలేస్తారు అని చెప్పేను. ఏడుకొండలుతో చెప్పమన్నావు. చెబుదామనే అనుకుంటున్నాను. మళ్ళీ కదిపితే అసలెవరు వేసేరని మొదటికొస్తుంది. చూద్దాం.

ఫోటో చూసేక తిట్టొద్దన్నావు. ఏం చేసేవురా? మీసం తీసేసేవా?

ఇట్లు,
మామ్మ


షార్జా,
22-4-2003

మామ్మగారికి,

ఎక్కువ రాయడానికి లేదండి. లాకప్పులో ఉన్నాను. ఈ కాగితం బయటికి పంపే ఆయన నించునే ఉన్నాడు.

ఈపాటికి ఏసుదాసు వచ్చే ఉంటాడు. ఫోటో చూసే ఉంటారు. కనక పిల్లల సంగతి మళ్ళీ చెప్పక్కర్లేదు.

ఇక్కడ కొత్త చట్టం వచ్చిందటండి. కాగితాలు లేని పిల్లల్ని ఉంచుకుంటే జైలు. ఎవరో చెప్పేసేరు. పోలీసులు వచ్చేసరికి పిల్లలు నా గదిలో ఉన్నారు. సారుని అడిగితే, పిల్లలు నావాళ్ళేనని చెప్పేసేరు. ఆయనకేమీ తెలీదన్నారు. తరవాత పెద్ద పోలీసు నాతో వాళ్ళ భాషలో చాలాసేపు మాట్లాడేరు. నేను అలవాటు ప్రకారం ఆయ్, ఆయ్ అంటూ విన్నాను. ఆఖర్న రాసేసుకున్నారు. ఇక్కడ అవును అనడానికి ఐవా అంటారండి. పిల్లలు నీవాళ్ళేనా అని అడిగేరట. నేను ఆయ్ అన్నాను.

మే నెలాఖర్న జడ్జిగారు పిలుస్తారు. రాజోలులో నన్ను పంపిన ఏజెంటు శ్రీరామచంద్రమూర్తి గారి దగ్గరకి తమరు వెంటనే వెళ్ళండి. నేను తోటపనికే వచ్చేనని, సారు నౌకరునేనని ఆయన చేత రాయించి ఇక్కడి మన ఎంబసీకి పంపించాలి. తమరు వెళితే కాదనరు. వేరే దిక్కు లేదు.

పిల్లల్ని వేరేచోటికి తీసుకుపోయేరు. వెళ్ళేటప్పుడు నన్ను చూసి ఏడ్చేరు.

ప్రసాద్


సఖినేటిపల్లి లంక,
8-5-2003

నాగదుర్గాప్రసాదుకి,

చిరంజీవి అని రాయడానికి చెయ్యి రాలేదు.

ఏసుదాసూ రాలేదు, ఫోటో రాలేదు. అక్కర్లేదు. నీ ఉత్తరం చాలు. తల్లి ఏదిరా అని అడిగితే పిట్టల కథ చెప్పినప్పుడే నాకు తెలియాలి. 'ఎక్కడినించో తెచ్చేరు' అట. 'నా ఒడిలో తప్ప పడుకోరు' అట. ఇంకొకరి ఒడిలో ఎందుకు పడుకుంటారు, కన్నతండ్రి ఒడి వాళ్ళకి తెలీదూ! వ్యాకరణం దిద్దుకుంటూ కూర్చున్నాను గాని వాక్యం వెనకాల ఉన్న మనిషిని చూడలేదు.

పెళ్ళి లేదు, కాగితం లేదు, ఇద్దరాడపిల్లలు. ఆ తల్లి ఏ దేశం మనిషో, బతికుందో లేదో నువ్వు చెప్పవు. పోనీ, సిగ్గుపడి పొరపాటు దాచుకున్నావు అనుకుందాం. పైగా ఇప్పుడు నన్ను రాజోలు పంపి ఏమని రాయించమంటావు? మావాడు తోటపనికే వెళ్ళేడు, పిల్లలకి వాడికీ సంబంధం లేదనా? నిన్ను చూసి ఏడ్చే పిల్లల్ని నావాళ్ళు కాదని చెప్పడానికి నేను పంటెక్కి, బస్సెక్కి పోవాలా? నేను పోను. శ్రీరామచంద్రమూర్తి ఎదురుగా నించుని ఈ సంగతి నా నోటితో చెప్పను.

ఆయ్ అన్నావు కదా. ఒప్పుకున్నవాడు అనుభవించాలి. ఇక్కడ సత్తియ్య కూడా నేరం ఒప్పుకున్నావా అంటే జడ్జిగారి ముందు చేతులు కట్టుకుని ఆయ్ అన్నాడట. ఏడాది పడింది. రాజమండ్రి తీసుకుపోయేరు. చదువు లేని సత్తియ్యే నోరెత్తకుండా వెళ్ళేడు. నీకు చదువు చెప్పించేను.

ఆ పిల్లలెక్కడున్నారో కనుక్కో. వీలైతే నా దగ్గరకి పంపే దారి చూడు. వాళ్ళేం పాపం చేసేరు? నీకోసం ఉత్తరం రాయను. వాళ్ళ కోసమైతే రాస్తాను.

పాపాయమ్మ


షార్జా జైలు,
19-6-2003

మామ్మగారికి,

తమరి ఉత్తరం జడ్జిగారు పిలిచిన మర్నాడు అందింది. ఎంబసీ నించి వచ్చినాయన, మీ ఊరినించి కాగితమేదీ రాలేదే అన్నాడు. దారిలో ఉంటుందండి, మా మామ్మగారు టీచరండి, రాయించకుండా ఉండరండి అని చెప్పేను. ఏడాదిన్నర పడింది. తరవాత ఇంటికి పంపేస్తారు.

అవి చీతాలండి. చిరుతపులి లాంటివి. సన్నగా, మచ్చలతో ఉంటాయి. మా సారు ఆఫ్రికా నించి ఓడలో దొంగతనంగా తెప్పించేరు. చేతికొచ్చినప్పుడు పిల్లి పిల్లంత ఉన్నాయి. పులులకి పాలు పడుతున్నానని రాస్తే తమరు బెంగపడతారని పిల్లలని రాసేను. అబద్ధం కాదు కదా, పిల్లలే. 'పడుకున్నాయి' అని సరిగ్గానే రాసేనండి. తమరే కాదన్నారు. 'యి' కనపడితే ఉత్తరం చదవనన్నారు. ఆయ్ అన్నాను. తమరి ఎదుట కాదు అనడం నాకు రాదు. ఫోటో చూసి తమరే నవ్వుకుంటారనుకున్నాను.

జడ్జిగారికి అనువాదం చేసినాయన చివర్లో అడిగేడు, నీ యజమాని మీద ఏమన్నా చెబుతావా అని. ఏం చెప్పనండి? మా సారు చెడ్డవారు కాదు. జబ్బు చేస్తే మందులిప్పించేరు. పండక్కి బట్టలిచ్చేరు. పోలీసులొచ్చినప్పుడు మాత్రం పక్కనున్నవాడి పేరు చెప్పేరు. వాళ్ళ పరువు వాళ్ళది. ఆయన కూడా మీలాగే మంచి మనిషండి, మామ్మగారూ.

సత్తియ్య బాబాయికి ఏడాది పడిందని ఒక్క వాక్యంలో రాసేరు. దానిమీద ఎర్రసిరా ఎవరు పెడతారండి?

పిల్లలు జూకి వెళ్ళేయిట. చిన్నది తిండి ముట్టక చచ్చిపోయింది. పెద్దది బతికే ఉంది. 'యి' పెట్టేను. దిద్దకండి.

ప్రసాద్


సఖినేటిపల్లి లంక,
11-8-2003

ఒరేయ్ నాన్నా,

దిద్దలేదు. నీ ఉత్తరం అలాగే ఉంచుకున్నాను.

అది అందిన వారమే, పెళ్ళి కోసం సెలవు పొడిగించుకున్న ఏసుదాసు శుభలేఖతో వచ్చేడు. తైలమిచ్చి, నవ్వుతూ ఫోటో తీసేడు. "చూడండి మామ్మగారూ, మీ మునిమనవరాళ్ళు!" అన్నాడు. వాడికింకా ఏమీ తెలీదు పాపం. నువ్వు నేలమీద కూర్చున్నావు. ఒకటి నీ ఒడిలో తలపెట్టి పడుకుంది. ఇంకోటి నీ వీపు వెనకనించి తొంగిచూస్తోంది. దాని మెడకి గౌను పీలిక ఒకటి చుట్టుకునుంది, రాజోలు దర్జీ కుట్టినది. పెద్దదేదో చిన్నదేదో అడగక్కర్లేకపోయింది. నువ్వన్నీ సరిగ్గానే రాసేవు.

మర్నాడే రాజోలు వెళ్ళేను. శ్రీరామచంద్రమూర్తి కొట్టు మూసి హైదరాబాదు పోయేట్ట. నీ ఉత్తరం అందిన రోజునే వెళితే ఉండేవాడట. పక్క కొట్టువాడు చెప్పేడు. అడక్కుండానే చెప్పేడు.

అటునించి అటు అటవీ ఆఫీసుకి వెళ్ళేను. ఆ తాబేలు నాది, మా ఆయన వేసేరు, నేను ఉంచుకున్నాను, సత్తియ్యకి సంబంధం లేదు, రాసుకో అన్నాను. ఏడుకొండలు కుర్చీ తుడిచి వేసేడు. కొబ్బరినీళ్ళు తెప్పించేడు. "తమరు పెద్దవారండి, ఈ వయసులో తమరికెందుకండి, అయిపోయింది కదండీ" అన్నాడు. రాసుకోరా వెధవా అని అరిచేను. "ఆయ్" అన్నాడు. కలం మాత్రం తియ్యలేదు. వాడి చిన్నప్పుడు వినయం నేర్పింది నేనే. నన్ను కాదనలేడు, నేను చెప్పింది రాయలేడు.

ప్లీడరు దగ్గరకి వెళ్ళేను. వాడు ఒప్పుకున్నాడు కాబట్టి కష్టం, అయినా పైకోర్టులో వేద్దాం, మీరు చెప్పింది నమ్మాలి కదా అన్నాడు. నలభై ఏళ్ళనించి నేను చెప్పిందల్లా ఈ ఊరు నమ్ముతోంది. నిజం చెప్పిన రోజున మాత్రం సాక్ష్యం అడుగుతున్నారు. వేయించేను. ఎప్పటికి తేలుతుందో తెలీదు.

తరవాత రాజమండ్రి వెళ్ళేను. జైల్లో సత్తియ్యని ఇనప జల్లెడ అవతలికి తీసుకొచ్చేరు. చెట్టెక్కే మనిషి అలా నేలమీద నించుంటే పొట్టివాడని నాకిన్నాళ్ళూ తెలీదు. నన్ను చూసి తలపాగా తియ్యబోయి, తలపాగా లేదని గుర్తొచ్చి చెయ్యి దింపేసుకున్నాడు. "తాబేలు నాదని చెప్పేనురా, ప్లీడర్ని పెట్టేను" అన్నాను. ఆయ్ అన్నాడు. "నీ పెళ్ళాం పిల్లలు మనింట్లోనే తింటున్నారు" అన్నాను. ఆయ్ అన్నాడు. ఆఖరికి అడిగేను, "సత్తియ్యా, నామీద కోపంగా ఉందా?" అని.

నాకు వినపడదు కదా. జల్లెడ్లోంచి పెదాలు చూసేను.

ఆయ్ అన్నాడు.

అది అవునో, వింటున్నానండి అనో నాకు తెలీలేదు. జన్మంతా తెలుగు చెప్పినదాన్ని, ఆ ఒక్క మాటకి అర్థం చెప్పలేక అక్కడే నించున్నాను. జవాను టైమయిందన్నాడు.

నూతిలో నీళ్ళు పురుగుపట్టి తాగడానికి పనికిరావడం లేదు. ఏడుకొండలు క్లోరిన్ పొట్లాలు పంపేడు. కాలవ అవతల పంపు నించి తెచ్చుకుంటున్నాను.

ప్రసాదూ, నువ్వు నా ముందు నేర్చుకోని మాట ఒకటుంది. కాదు. రెండక్షరాలు, వత్తులు లేవు, తప్పు రాయడానికి వీల్లేదు. అక్కడ గోడకి చెప్పి అలవాటు చేసుకో. వచ్చేక మొదట నాకే చెప్పు. నేను ఏదో ఒకటి అంటాను, అనకుండా ఉండలేను. ముఖాన అనెయ్యి. గట్టిగా అను, నాకు చెవి వినపడదు.

మామ్మ